శాసనప్రతిచ్ఛాయల చరిత్రము – కాళేశ్వరసీమకు దానివలని పాఠము

గోదావరియుఁ బ్రాణహితయుఁ గలియు తావున, నేఁటి జయశంకర భూపాలపల్లి జిల్లాలో, మహాదేవపురమునకుఁ జేరువగా కాళేశ్వరక్షేత్రము గలదు. గర్భాలయమున నొకే పానవట్టముపైఁ గాళేశ్వరుఁ డనియు ముక్తేశ్వరుఁ డనియు రెండు లింగములు నెలకొని యున్నవి. శ్రీశైల దాక్షారామములతో నీ క్షేత్రమును జేర్చి త్రిలింగనామమునకు నిర్వచనము చెప్పుట, కాకతి ప్రతాపరుద్రుని యాస్థానకవి యగు విద్యానాథుని గ్రంథమునందే కానవచ్చుచున్న సంప్రదాయము. ఆ నిర్వచనము శబ్దశాస్త్రమున నిలుచునా యనునది వేఱు చర్చ. ఒక దేశము తన యెల్లలను మూఁడు శిలలచే గుర్తించుకొన్న దన్న విషయము మాత్రము గమనింపఁదగినది.

ఈ సీమ ప్రాచీనచరిత్రమునకును ఱాళ్లే ముఖ్యాధారములు. హనుమకొండ వేయిస్తంభముల గుడియందలి రుద్రదేవుని శాసనము (శా.శ. 1084, క్రీ.శ. 1163), పాలంపేట రామప్పగుడి యొద్ద రేచర్ల రుద్రుని శాసనము (1213), మహబూబాబాదు జిల్లా బయ్యారమున గణపతిదేవుని సోదరి మైలమ వేయించిన చెఱువు శాసనము – ఇవి లేనిచోఁ గాకతీయుల చరిత్రము కథలపాలై యుండెడిది. కాకతీయవంశమునకు మూలపురుషుఁడు వెన్నరాజనియు, నాతఁడు కాకతి యను పురమునుండి యేలుటచే వంశమున కాపేరు వచ్చె ననియుఁ దెలియవచ్చుట బయ్యారపు శిలవలననే. అట్లే నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనము వెలువడు వఱకు రుద్రమదేవి పాలనావసానమును 1295 ప్రాంతమున నిలుపుచు వచ్చిరి. ఆ యొక్క ఱాతిచే నది 1289వ సంవత్సరమునకు జరిగినది. ఒక శిల, అందలి నాలుగు పంక్తులు, వానిలో నొక యంకె – ఇంతమాత్రముపై నొక వంశచరిత్రము నిలుచును.

ఇంత భారమును మోయుచున్న ఱాళ్లు చిరస్థాయులు గావు. ఎండవానలకుఁ బొరలు రాలును. నూనెయు సున్నమును బట్టి యక్షరములు పూడిపోవును. గుడి బాగుచేయునపుడు శాసనశిలలు గోడలలోఁ గట్టఁబడును. 2022 జూలైలో గోదావరి పొంగినపుడు కాళేశ్వరమునకుఁ జేరువనున్న కన్నెపల్లి పంపుగృహమే నీట మునిఁగెను. 2019లో నారంభింపఁబడిన మేడిగడ్డ యానకట్ట స్తంభములు కొన్ని 2023 అక్టోబరులోఁ గ్రుంగెను. ఉక్కును సిమెంటును గూర్చి కట్టిన కట్టడములకే యీ గతి పట్టినపుడు, నేలలో మూరెఁడు లోఁతునఁ బాఁతిన శాసనస్తంభముల మాట చెప్పనక్కఱలేదు. కాఁబట్టి మూలమును రక్షించుటతోపాటు దాని ప్రతిచ్ఛాయను నిలుపుటయుఁ జరిత్రకారుల విధి యైనది.

నేఁడు మ్యూజియములును గ్రంథాలయములును నీ పనికిఁ బూనుకొనునపుడు మొట్టమొదట వచ్చు ప్రశ్న యొకటి గలదు: ఏ కంప్యూటరును, ఏ క్యామెరాను, ఏ స్కానరును గొనవలెను? ప్రశ్న యుచితమే కాని, యది వచ్చు స్థానము సరియైనది కాదు. ఏ సాధనమైనను మూలమందలి ధర్మములలోఁ గొన్నిఁటిని గ్రహించి కొన్నిఁటిని విడుచును. విడువరాని ధర్మ మేదియో ముందు నిర్ణయించుకొన్న వారే సాధనమును సరిగా నెన్నుకొనఁగలిగిరి. నిర్ణయింపనివారు సాధనము విడిచినదానిని దామును విడిచిరి. తెలుఁగుదేశపు శిలలకుఁ బ్రతిచ్ఛాయలు తీయుచు వచ్చిన రెండు శతాబ్దముల చరిత్రము దీనికి సాక్ష్యము. ఆ చరిత్రము కాళేశ్వరమునఁ గాక, ముందుగాఁ గృష్ణాతీరమున నారంభ మైనది. కావున విచారము నచ్చటినుండియే తొడంగవలయును.

మొదటి సాధనము కన్నును జేయియు. కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) యొద్దఁ బనిచేసిన కావలి వేంకట బొఱ్ఱయ్యయు, 1803లో నాతఁడు కాలధర్మము నొందిన పిదప నాతని సోదరుఁడు లక్ష్మయ్యయు, నూళ్లుతిరిగి కైఫీయతులను శాసనములను సేకరించిరి. శాసనమును జూచి చదివి కాగితముపై వ్రాసికొనుట వారి పద్ధతి. ఇందు శ్రమ మపారము, ఉపకార మమూల్యము. కాని యట్టి ప్రతి వాస్తవముగాఁ బ్రతి కాదు, వ్యాఖ్యానము. చదువఁగలిగిన యక్షరమే కాగితముపైకి వచ్చును. చదువరానిది లేఖకుని యూహను బట్టి మాఱును. ప్రాచీన శాసనములయందలి ఴకారము తరువాతివా రెఱుఁగని వర్ణము. అట్టి వర్ణము కనఁబడినపుడు లేఖకుఁడు తన కెఱుకయైన మఱియొక వర్ణమును వ్రాయును. ఇఁక లేఖకుఁడు వ్యాకరణము చదివినవాఁడైనచోఁ బ్రమాదము మఱింత యధికము. ఱాతిపై శిల్పి చెక్కిన యపశబ్దమును జూచి యాతని చేయి యూరకుండదు, సాధురూపమునే వ్రాయును. భాషాచరిత్రమునకు ఱాతిమీఁది యపశబ్దమే ధనము. ఆ ధనము పండితుని పాండిత్యముచేతనే నశించును.

చేతివ్రాతకంటెఁ జేతిచిత్రము కొంత మేలు. అమరావతీస్తూపమును మెకంజీ 1797లోఁ దొలుతఁ జూచెను. 1816లో మరల వచ్చి, యప్పటినుండి చిత్రకారులచే నచ్చటి శిల్పఫలకములను గొలఁతలతో వ్రాయించెను. ఆ ఫలకములలోఁ గొన్ని తరువాతఁ గనఁబడక పోయినవి. అమరావతి చలువఱాళ్లలోఁ బెక్కు సున్నముగాఁ గాల్పఁబడినవి. నేఁడు లండను నందలి బ్రిటిషు గ్రంథాలయమున నున్న యా చిత్రసంపుటమే నశించిన ఫలకములకు మిగిలిన సాక్షి. ఆ చిత్రములు నేఁటికి నుపయోగపడుటకుఁ గారణము చిత్రకారుల హస్తకౌశలము మాత్రమే కాదు. కొలఁతలు వ్రాయవలె నను నిర్ణయము ముందుగా జరుగుట. మెకంజీ భూమిని గొలుచు నుద్యోగి యగుటచే నది యాతనికి సహజముగా నలవడెను.

రెండవ సాధనము ఛాయాగ్రహణము. సర్ వాల్టర్ ఎలియట్ 1845లో నమరావతియందుఁ ద్రవ్వించి మదరాసునకుఁ బంపించిన శిలలను, 1858లోఁ గాప్టెన్ లిన్నేయస్ ట్రైప్ మదరాసు మ్యూజియమున ఛాయాచిత్రములుగాఁ దీసెను. మఱుసటి సంవత్సరమే యా శిలలు లండనునకు నోడ నెక్కినవి. మ్యూజియమందలి వస్తువులను వరుసగా ఛాయాచిత్రములు తీయించి ప్రకటించుటకు మనదేశమున నిది తొలినాళ్ల యుదాహరణము. క్యామెరాకుఁ బాండిత్యము లేదు. కావున నది యపశబ్దమును దిద్దదు. అది దాని గొప్పగుణము. కాని దానికి వెలుతురు కావలయును. ఎదుటినుండి వెలుతురు పడినపుడు శిలపై నీడ యుండదు. నీడ లేనిచో నఱిఁగిన యక్షరము కనఁబడదు. ప్రక్కనుండి పడినపుడు నీడచే నక్షరము పైకి వచ్చును; ఆ నీడయే యొక్కొకచోఁ బగులును గీఁతగాఁ జూపి లేని గుడిని గల్పించును. ఈ చిక్కును దీర్చుకొనుటకుఁ గొందఱు శాసనాక్షరములలో సుద్దను బూసి ఛాయాచిత్రములు తీసిరి. దానితో వ్యాఖ్యానము మరల వెనుకటి ద్వారముననే ప్రవేశించెను. పూసినవాఁడు చదివినదే చిత్రమున నిలిచెను.

మూఁడవ సాధనము శాసనవేత్తల వాడుకలో ఎస్టాంపేజి యనఁబడు కాగితపు టచ్చు. శిలను గడిగి, తడిపిన కాగితమును దానిపైఁ బఱచి, గట్టి వెండ్రుకల కుంచెతో నక్షరముల పల్లములలోనికి దిగునట్లు కొట్టి, పైని మసిసిరా నద్దిన గుడ్డదిండుతోఁ దట్టినయెడల, మిట్ట నల్లగాను బల్లము తెల్లగాను వచ్చును. ఇందు గుణములు రెండు: అక్షరము నిజప్రమాణమున వచ్చును, వెలుతురుతోఁ బనిలేదు. దోషములును గలవు: శిల రంగు రాదు, లోఁతు తెలియదు, పొరలెత్తిన ఱాతికిఁ గుంచెదెబ్బ హాని చేయును, కాగితము కాలక్రమమున నలిగి పెళుసుబాఱును. అయినను నూఱేండ్లకుఁ బైఁగా శాసనశాస్త్రమంతయు నీ కాగితముమీఁదనే నడచినది. హనుమకొండ శాసనమును ఫ్లీటు 1882లో ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికయందుఁ బ్రకటించెను. 1886లో హుల్ట్జ్ మదరాసు ప్రభుత్వపు శాసనపరిశోధకుఁడుగా నియమింపఁబడిన పిదప నాంధ్రమండలములయం దీపని యేఁటేఁట సాఁగెను.

ఈ సందర్భముననే కాళేశ్వరసీమ కొక దౌర్భాగ్యము కలిగెను. హుల్ట్జునకుఁ గలిగిన యధికారము మదరాసు రాజధానికే పరిమితము. కాళేశ్వరము నిజాము రాజ్యమున నున్నది. నదికి నావలి యొడ్డుననున్న సిరొంచ మధ్యపరగణాలలోఁ జేరినది. నిజాము రాజ్యపుఁ బురావస్తువుల పట్టికను హెన్రీ కజెన్సు 1900లోఁ బ్రకటించెను. మధ్యపరగణాల శాసనముల పట్టికను రాయబహద్దరు హీరాలాలు 1916లోఁ బ్రకటించెను. ఒకే సంగమమునకు రెండొడ్డులనున్న ఱాళ్లు రెండు ప్రభుత్వముల పట్టికలలోఁ జేరవలసిన వయ్యెను. హైదరాబాదు ప్రభుత్వము 1914లోఁ బురావస్తుశాఖను స్థాపించి గులాం యజ్దానీ నధ్యక్షునిగా నియమించిన పిదపఁగాని యీ వైపునఁ గ్రమమైన పని సాఁగలేదు. యజ్దానీ పాలంపేట దేవాలయములపై 1922లోఁ బ్రకటించిన సచిత్రగ్రంథము, లక్ష్మణరాయ పరిశోధకమండలి 1935లో వెలువరించిన తెలంగాణ శాసనముల ప్రథమభాగము, పి. శ్రీనివాసాచారి 1940లోఁ బ్రకటించిన తెలంగాణమండలముల శాసనసంపుటము – ఇవి యా జాగును గొంతవఱకుఁ దీర్చినవి. ఆ రామప్పగుడియే 2021లోఁ బ్రపంచవారసత్వ స్థలములలోఁ జేరినది.

నాలుగవ సాధనము కంప్యూటరు. ఇది వెనుకటి మూఁడింటినుండి యొక ముఖ్యవిషయమున భేదించుచున్నది. చిత్రము, ఛాయాచిత్రము, కాగితపు టచ్చు – ఇవి యన్నియు వస్తువులు. కంప్యూటరులోని ప్రతిచ్ఛాయ సంఖ్యాసముదాయము. మూలమును జదరపు చుక్కలుగా విభజించి, యొక్కొక చుక్క రంగునకు సంఖ్యలను గల్పించి, వానిని వరుసగా వ్రాసియుంచుటయే దాని స్వరూపము. అంగుళమునకు నెన్ని చుక్కలు, చుక్క కెన్ని సంఖ్యలు, ఆ సంఖ్యలను యథాతథముగా నుంచుటయా కుదించుటయా – ఈ మూఁడు నిర్ణయములచేతనే ప్రతి యొక్క యోగ్యత యేర్పడును. ఈ నిర్ణయములు యంత్రము చేయునవి కావు, మనుష్యులు చేయవలసినవి.

దీనికిఁ దెలుఁగువారికిఁ బరిచితమైన నిదర్శన మొకటి గలదు. చిత్తూరుజిల్లా కాటూరున జన్మించి, 1994లో ట్యూరింగు బహుమానము నందిన రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునుండి యీ శతాబ్దారంభమున దశలక్షగ్రంథప్రణాళికకుఁ బూనుకొనెను. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ దాని ప్రధానకేంద్రములలో నొకటి. పుస్తకమును బోర్లింపక పైనుండియే చదువు మినోల్టా పీఎస్ 7000 స్కానరులను వాడిరి. అంగుళమునకు 600 చుక్కలు, చుక్కకు నలుపో తెలుపో యొకటియే – ఇది వారి నియమము. దీనిచే ఫైలు మిక్కిలి చిన్నదగును. లక్షలకొలఁది పుస్తకములు స్వల్పవ్యయమున నెక్కును. చదువుటకు దొరకని తెలుఁగు గ్రంథములు వేలకొలఁది యింటింటికి నందుటకు నీ నిర్ణయమే కారణము. దాని లోపమును నందే యున్నది. పాతకాగితముపై మచ్చకును సిరాకును నడుమ ననేకచ్ఛాయలు గలవు. నలుపు తెలుపులే యున్నపుడు యంత్రము నడుమ నొక గీఁత గీసి యీవలిది నలు పనియు నావలిది తెలు పనియు నిర్ణయించును. అంత మచ్చ సున్నయగును, పలుచబడిన యరసున్న మాయమగును. అచ్చుపుస్తకమును జదువుకొనువారి కిది స్వల్పదోషము, పాఠపరిష్కర్తకు మహాదోషము. కావున నా నిర్ణయము పుస్తకముల వ్యాప్తికి సరియైనది. దానినే తాటియాకునకును శిలకును వర్తింపఁజేసినఁ దప్పగును.

ఆ ప్రణాళికకు మనదేశపు శాఖయగు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కాలక్రమమున మూతపడెను. ఆ పుస్తకములలోఁ బెక్కు నేఁటికిని లభించుట, పలువురు శ్రద్ధాళువులు వానికిఁ బ్రతులెత్తి ఇంటర్నెట్ ఆర్కైవునఁ జేర్చుటవలననే. ఇట్టిదే యింగ్లండునఁ గూడ జరిగినది. 1086 నాఁటి డూమ్స్‌డే గ్రంథమునకుఁ దొమ్మిదివందల యేండ్లు నిండిన సందర్భమున, 1986లో బీబీసీవారు దేశవిశేషముల నన్నిఁటిని లేజరు పళ్లెరములపై నెక్కించిరి. పదునైదేండ్లు గడచునప్పటికి వానిని జదువఁగల యంత్రములు దుర్లభము లయ్యెను. 2002 ప్రాంతమున విద్వాంసులు శ్రమపడి వానినుండి సమాచారమును బయటికిఁ దీసిరి. తోలుకాగితముపై వ్రాసిన 1086 నాఁటి గ్రంథ మంతకాలమును నిరాటంకముగాఁ జదువఁబడుచునే యున్నది. పాఠము స్పష్టము: ఒక్క కంపెనీ యంత్రము మాత్రమే చదువఁగల లిపిలో దేనిని నిలుపరాదు.

మ్యూజియముల విషయమున సాధనమును సరిగా నెన్నుకొన్నవారి నిదర్శనమును గలదు. లండను నేషనల్ గ్యాలరీవారు 1989లో నారంభమైన వసారి యను ప్రణాళికయందు, చిత్రపటముల రంగులు కాలక్రమమున నెంత మాఱుచున్నవో కొలుచుట తమ ప్రయోజనమని ముందుగా నిర్ణయించుకొనిరి. అంగడిలోని క్యామెరా యేదియు నందులకుఁ జాలకపోఁగా, రంగును గొలువఁగల యంత్రమును దామే నిర్మింపించుకొనిరి. మనదేశమునఁ బూనాలోని సీ-డాక్ సంస్థ జతన్ అను సాఫ్ట్‌వేరును నిర్మించెను. హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియము, నాగార్జునకొండ మ్యూజియము మొదలైనవాని వస్తువివరములు దానిద్వారా నొకే క్రమమున నమరి, 2014 నుండి జాతీయసంచయమునఁ జేరుచున్నవి. 2023–24 కేంద్రప్రభుత్వపు ఆయవ్యయపట్టికయందు లక్ష ప్రాచీనశాసనములను డిజిటలు రూపమునకుఁ దెచ్చు సంకల్పము ప్రకటింపఁబడినది. ఆ శాసనమ్యూజియమునకు హైదరాబాదు స్థానముగా నిర్ణయింపఁబడినది. కావున నీ చర్చ తెలుఁగువారికి దూరపుమాట కాదు.

ఇందలి తత్త్వము వ్యాకరణము చదివినవారికి సులభముగా బోధపడును. ఒకదాని స్థానమున మఱియొకటి వచ్చునపుడు, వచ్చినదానికి మూలముతోడి సమానత్వము నంగీకరించిన శాస్త్రకారులు, వర్ణము నాశ్రయించిన కార్యములయందు మాత్ర మా సమానత్వమును నిషేధించిరి. ప్రతిచ్ఛాయయు నట్టి యాదేశమే. రాజు పేరు, సంవత్సరము, దానవివరము – వీనికై చూచునపుడు ప్రతి మూలమువలెనే పనికివచ్చును. అక్షరస్వరూపమునే యాశ్రయించి విచారించునపుడు ప్రతి మూలమునకు సమానము కానేరదు. శాసనవేత్త పని యంతయు వర్ణాశ్రయమే గదా. మఱియు వ్యాకరణమున లోపించిన ప్రత్యయము తన కార్యమును విడిచిపోవును. దానినిబట్టి యది యుండెనని యెఱుఁగవచ్చును. జేపెగ్ అను పద్ధతిచేఁ గుదించిన చిత్రమున లోపించినది తిరిగి రాదు. ఏది లోపించినదో తెలియనుం దెలియదు. టిఫ్ పద్ధతిలో నట్టి లోపము లేకుండ నిలుపవచ్చును. కావున నిలువయుంచు మూలప్రతి టిఫ్ రూపమునను, పంచిపెట్టు ప్రతి జేపెగ్ రూపమునను నుండుట యుక్తము. రెంటిలోఁ జిన్నదానినే యుంచి పెద్దదానిని దుడిచివేయుట, కైఫీయతును గాల్చి దాని సంగ్రహమును దాఁచుకొనుట వంటిది.

ఇఁక లెక్క. మీటరు వెడల్పును రెండు మీటర్ల యెత్తును గల శాసనశిలను, శిలపై నంగుళమునకు 300 చుక్కలు వచ్చునట్లు గ్రహించినచో 27 కోట్ల 90 లక్షల చుక్కలగును. చుక్కకు మూఁడు బైట్లైన 84 కోట్ల బైట్లు; నీడల సూక్ష్మభేదములు నిలుచుటకు దానికి రెట్టింపు గైకొన్న 167 కోట్ల బైట్లు. నాలుగున్నర కోట్ల చుక్కల క్యామెరాతో దీనిని గ్రహించుటకు, అంచు లొండొంటిపైఁ గలియునట్లు పండ్రెండు పదునాలుగు ఛాయలు తీసి కూర్పవలయును. ఇట్టి చిత్రమును దెఱచి కూర్చు కంప్యూటరునకు 32 గిగాబైట్ల జ్ఞాపకస్థాన మధికము కాదు. తాటియాకు నలువదియైదు సెంటిమీటర్ల పొడవును నాలుగు సెంటిమీటర్ల వెడల్పును గలది యనుకొన్నచో, అంగుళమునకు 600 చుక్కల చొప్పున నొక ప్రక్కకుఁ గోటి చుక్కలు, మూఁడు కోట్ల బైట్లు. ఇన్నూఱాకుల గ్రంథమునకు రెండుప్రక్కలు గలిపి 1200 కోట్ల బైట్లు, అనఁగాఁ బండ్రెండు గిగాబైట్లు. మూఁడుచోట్ల మూఁడుప్రతు లుంచిన ముప్పదియాఱు. ఎన్ని గ్రంథములు, ఎన్ని శిలలు, ఎన్ని ప్రతులు – ఈ గుణకారము చేసినపిదపనే యంత్రముల ధర విచారింపవలయును. తఱచుగా ధనమంతయుఁ గంప్యూటరునకే వ్యయమై, నిలువ చేయు తట్టలకును, వెలుతురు దీపములకును, మనుష్యుల శిక్షణమునకును మిగులదు.

సాధనమునకంటె వెలుతురే ముఖ్యమని ట్రైప్ నాఁటినుండి తెలిసినదే. అఱిఁగిన శిలలకు నేఁడు దానినే శాస్త్రముగాఁ జేసిరి. క్యామెరాను గదలింపక, దీపమును మాత్రము నలుదిక్కుల ద్రిప్పుచు నలువది యేఁబది ఛాయలు తీసి, వానినన్నిఁటిని గంప్యూటరున మేళవించినయెడల, చదువరి తెఱపైనే దీపమును దనకు వలసిన దిక్కునకుఁ ద్రిప్పుకొని యక్షరమును బరీక్షింపవచ్చును. ఈ పద్ధతికి మూలమైన గణితమును టామ్ మాల్జ్‌బెండరు మొదలైనవారు 2001లోఁ బ్రకటించిరి. దీనికిఁ గావలసినవి సామాన్యమైన క్యామెరా, ముక్కాలిపీఁట, చేతిదీపము, నిగనిగలాడు నల్లని గోళము మాత్రమే. సుద్ద పూయ నక్కఱలేదు, కుంచెతోఁ గొట్ట నక్కఱలేదు. పగులును గీఁతయునుఁ దామే వేఱుపడును. స్తంభమునకు నాలుగు ముఖములున్నచో, చుట్టును దిరిగి తీసిన ఛాయలనుండి త్రిపరిమాణరూపమును గూర్చుట మఱియొక పద్ధతి. దీనికిఁ గంప్యూటరున బలమైన గ్రాఫిక్సు కార్డు వలయును. తాటియాకునకు వేఱు విధి: గంటముచేఁ జెక్కి మసి పూసిన యక్షరము మసిపోయినచోఁ గనఁబడదు, దానికిఁ బ్రక్కదీపమును, మసి మిగిలియున్న చోట్లఁ గంటికిఁ గానరాని పరారుణకాంతియు నుపకరించును. ఏ వస్తువునకైనను బ్రక్కను గొలబద్దయు రంగులపట్టికయు నుంచి తీయవలయును. మెకంజీ చిత్రకారులు వ్రాసిన కొలఁతలకు నివి సంతతి. తెఱయొక్క రంగునే కొలిచి సరిచేయక, రంగులను జూచి తీర్పు చెప్పుట వంకరతక్కెడతోఁ దూఁచుట.

నిలువయుంచిన సంఖ్యలు మాఱలేదని తెలియు టెట్లు? వేదరక్షణకుఁ బూర్వులు పదక్రమజటాఘనపాఠములను గల్పించిరి. అనుక్రమణికలలో ఋక్కులను బదములను నక్షరములను లెక్కించి నిలిపిరి. ఒక్క యక్షరము తప్పినను లెక్క పట్టియిచ్చును. కంప్యూటరున నదే పని చేయు సంఖ్యనే చెక్‌సమ్ అందురు. ఫైలుమొత్తమునుండి గణించిన యొక చిన్నసంఖ్యను వేఱుగా వ్రాసియుంచి, యేఁటేఁట మరల గణించి పోల్చినయెడల, నొక్క బిట్టు మాఱినను బయటపడును. అనుక్రమణికారులకుఁ దెలిసిన యీ జాగ్రత్తను, లక్షలు వెచ్చించి యంత్రములు గొన్నవారును దఱచుగా మఱచుచున్నారు.

ఈ విచారమంతయుఁ గాళేశ్వరమునకు వర్తింపఁ జేసినయెడల, కర్తవ్యము తేటపడును. సంగమమునకు నీవలియొడ్డు తెలంగాణము, ఆవలి సిరొంచ మహారాష్ట్రమందలి గడ్చిరోలి జిల్లా. పాలకులు మాఱిరి కాని 1900, 1916 నాఁటి రెండు పట్టికల స్థితి మాఱలేదు. ఒక యొడ్డువా రొక కొలఁతతోను, మఱియొక యొడ్డువారు వేఱొక కొలఁతతోను ఛాయలు తీసి, ఱాళ్లకు వేర్వేఱు సంఖ్య లిచ్చినయెడల, నొకే శిల్పిచేతి యక్షరములు రెండుచోట్ల నున్నను బోల్చి చూచువాఁ డుండఁడు. కావున యంత్రములు వేఱైనను నియమ మొక్కటి కావలయును: ప్రతిశిలకును స్థిరమైన సంఖ్య, ఊరు, స్థలము, కొలఁత, దిక్కు, తీసిన తేది, తీసినవారి పేరు, ఆ వివరములు తెలుఁగునను మరాఠీనను నింగ్లీషునను. తరువాత నది పొంగినపుడు మునుఁగు శిలలు మొదట, గోడలలో నున్నవి పిదప, మ్యూజియములోఁ జేరినవి కడపట. ఈ క్రమము నిర్ణయించిననాఁడు, ఏ క్యామెరా కొనవలె నన్న ప్రశ్నకుఁ బ్రత్యుత్తరము తనంతనే వచ్చును. అది యనుకొన్నంత వ్యయముతోఁ గూడినదియుఁ గాకపోవచ్చును.

అమరావతి ఫలకములు సున్నమగునని వానిని వ్రాసిన చిత్రకారు లెఱుఁగరు. తమ చిత్రమే కడపటి సాక్ష్యము గాఁగలదని వారు తలంచి యుండరు. అయినను గొలిచి వ్రాసిరి. నేఁడు తీయు ప్రతిచ్ఛాయలలో నేది యట్లు మూలస్థానము నాక్రమింపవలసి వచ్చునో యెవ్వరును జెప్పలేరు. ప్రతి యొక్కటియు నదే యగు ననుకొని తీయుట యొక్కటియే మార్గము. ఈ సీమయందలి పాఠశాలాపండితులు తమతమ యూళ్ల ఱాళ్లను సంఖ్యతోను గొలఁతతోను బట్టికలుగాఁ గూర్చి, పరిశోధనసంఘములకు నందఁజేయుదురేని, యంత్రములు వచ్చులోపలనే పనిలో సగము జరిగియుండును.